గంజి పెట్టిన నది

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. చెప్పింది చెప్పినట్టే రాయమన్నాను. నా గొంతు మొదటినుంచీ బొంగురే. రాతలో తియ్యగా ఉంటే చదివేవాళ్లు అది నేను కాదనుకుంటారు.

ఎమ్మిగనూరులో కాపురముంటూ, ఆదోని బడులకూ చుట్టుపక్కల ఊళ్లకూ నాటకాల సామాను చేసి బతికాను. తెరలు, కిరీటాలు, అట్టకోటలు, చెక్క కత్తులు, ఏ దీపం ఎక్కడ పెట్టాలనే ఏర్పాటు, అన్నీ నా పనే. ఇప్పుడు ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఎట్లా నేర్చుకున్నావని అడుగుతారు. చెడగొట్టి నేర్చుకున్నాను. ఎన్ని నాటకాలకు కట్టానో, ఎవరు శాలువా కప్పారో చెప్పను. అది మీకు పనికిరాదు. నా మొదటి నాటకం సంగతి ఒక్కటే చెబుతాను.

పని నా చేతికి వచ్చిన తీరు

మాది మగ్గం ఇల్లు. నా భర్త పుల్లన్న నేసేవాడు, నాటకాల రోజుల్లో తెరల మీద బొమ్మలు గీసేవాడు. బొమ్మ ఆయనది. గుడ్డ ఉడకబెట్టడం, రంగు కలపడం, గంజి పెట్టడం, కొయ్యకు కుట్టడం నావి. తెర చూసి అందరూ "పుల్లన్న తెర" అనేవాళ్లు. అప్పట్లో నాకూ అది తప్పనిపించలేదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో ఆయన విషజ్వరంతో పోయాడు. మూడో నెలలో ఆదోని నుంచి కృష్ణారావు సారు వచ్చాడు. ఒక హైస్కూల్లో పాటల అయ్యవారు. పిల్లల చేత పాటల నాటకం ఆడించాలని తానే పాటలు కట్టుకుని, తెరలకు మా ఆయనకు ముందే చెప్పి ఉన్నాడు. ఇప్పుడు పరామర్శకూ, పని వేరేవాళ్లకు ఇస్తున్నామని చెప్పడానికీ కలిపి వచ్చాడు. అరుగు మీద కూర్చుని పంచె కొసతో చెమట తుడుచుకుంటున్నాడు గానీ, ఆ రెండో మాట నోటికి రావడం లేదు.

"సార్, నాటకంలో ఏముండాది?" అని నేనే అడిగాను.

"నది ఉంది తల్లీ. కరువు ఊళ్లో ఒక ఆడపిల్ల నదిని వెతుక్కుంటూ పోతాది. ఆఖర్లో నది దొరుకుతుంది. అందులో నిలబడి పాడాల."

"నది నేను కట్టిస్తాను."

"పుల్లన్న ఉంటే..."

"ఆయన బొమ్మ గీసేవాడు సార్. నదికి బొమ్మెందుకు? కదలాల గదా. గుడ్డ నాకు తెల్సు."

ఆయన మంచివాడు. మంచివాళ్లు కాదనలేరు. అది పట్టుకుని పని తీసుకున్నాను. సిగ్గుపడను. మీరూ సిగ్గుపడొద్దు. మొదటి పని ఎవరూ తట్టలో పెట్టి ఇవ్వరు.

రంగును దీపానికి చూపించాలి

ఎనిమిది గజాల గుడ్డకు ముదురు నీలం వేశాను. వాకిట్లో ఆరేస్తే నెమలి మెడలా ఉంది. మా వీధి వాళ్లంతా వచ్చి చూశారు. మూట కట్టుకుని ఆదోని బస్సెక్కాను.

అప్పటికి ఆదోని ఊళ్లోకి కరెంటు వచ్చింది గానీ ఆ బడి హాల్లోకి రాలేదు. పెళ్లిళ్లకూ నాటకాలకూ పెట్రోమాక్సు గ్యాసులైట్లే. వాటిని బాడుగకిచ్చే ఖాసీం అంగడికి పోయాను. మా ఆయనతో కలిసి పనిచేసినవాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు. చీకటి కొట్లో లైటు వెలిగించి గుడ్డ పరిచాడు. చూసి నవ్వాడు.

"ఏందక్కా, నది కట్టమంటే తారు రోడ్డు ఏసుకోనొస్తివి?"

నిజమే. నెమలి మెడ పోయింది. మాడిన పెనంలా ఉంది. పగటి వెలుగులో ఉన్న నీలం గ్యాసులైటుకు నల్లబడింది. తిరిగి ఊరికి పోయి, గుడ్డ ఉడకబెట్టి రంగు దించి, పలచగా మళ్లీ వేసి, ఈసారి ఖాసీం కొట్లోనే చూసి సరే అనుకున్నాను.

ఏ రంగైనా అది రేపు ఏ దీపం ముందు నిలబడాలో ఆ దీపానికే ముందు చూపించండి. ఇది నేను మొదటి వారంలోనే నేర్చుకున్నాను. అందుకే నాకు పని అంతా వచ్చేసిందని పొగరెక్కింది. అసలు తప్పు ఆ తర్వాత చేశాను.

గంజి

నేత ఇళ్లలో గంజి లేని గుడ్డ గుడ్డ కాదు. గంజి పెట్టకుండా అమ్మితే వీధిలో మర్యాద పోతుంది. నా నదికి నేను మామూలుగా పెట్టేదానికి రెండింతలు పెట్టాను. అల నిలబడాలని నా ఆశ. రెండు కొసలు పట్టుకుని విదిలిస్తే అల లేచి, ఒక్క క్షణం అట్లాగే నిలబడి, పడేది. కృష్ణారావు సారు "భేష్" అన్నాడు.

పాడే పిల్ల పేరు సువార్తమ్మ. వాళ్లది కోసిగి దగ్గర పల్లె. వానలు లేక అమ్మానాన్నలు ఆదోనికి వచ్చి జిన్నింగు మిల్లులో దూది మోస్తున్నారు. తొమ్మిదో తరగతి. సన్నటి గొంతు. దారం పేనినట్టు సన్నంగా, ఎక్కడా తెగకుండా పాడేది.

హాల్లో నది కట్టి మొదటిసారి పాడించిన సాయంత్రం హెడ్మాస్టరు వచ్చి వెనక గోడ దగ్గర కుర్చీ వేసుకున్నాడు. ఇద్దరు పిల్లలు చెరో కొస పట్టుకుని గుడ్డ ఊపారు. సువార్తమ్మ మధ్యలో నిలబడి పాడింది. నేను పక్కనే నిలబడి అలలు చూస్తున్నాను. నా చెవులు పనిచేయలేదు, కళ్లే పనిచేశాయి.

పాట అయ్యాక హెడ్మాస్టరు లేచాడు.

"కృష్ణారావ్, ఆ పిల్ల పెదాలు కదలడం కనపడింది. పాట మాత్రం రాలేదు."

"సన్న గొంతు సార్. నిదానంగా..."

"నిదానంగా ఏముంది? పదో తరగతిలో గట్టిగా పాడే పిల్లోడున్నాడు. చీర కట్టి నిలబెట్టు. ఇన్నాళ్లూ ఆడవేషాలు మగపిల్లలు వేయలేదా? మూడు రోజులు చూడు. మారకపోతే మార్చెయ్."

సువార్తమ్మ మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. పక్కన కూర్చున్నాను.

"మా యమ్మకు సెప్పినానక్కా. మిల్లులో సెలవు అడుక్కోనింది. మా నాయన కూడా వస్తాడంట. ఇప్పుడు ఏమని సెప్పల్ల?"

"పాడుమే, నేనింటాను."

పాడింది. మెట్ల మీద, బయట బండ్లు పోతుండగా. ప్రతి మాటా వినపడింది. ఇక్కడ వినపడే గొంతు లోపల ఎందుకు వినపడలేదు? ఆ ప్రశ్నను అక్కడే నొక్కేశాను. జవాబు నాకు కావలసిన జవాబు కాదని లోపల తెలుసు కాబట్టి.

నోరు మూసుకున్న రోజులు

ఇంటికొచ్చి మూట విప్పి గుడ్డ మడత పెడుతున్నాను. మా అత్త వంటింట్లో ఉంది. అప్పటికే ఆమెకు చూపు మసక. అక్కణ్నుంచే అరిచింది.

"ఏమే కోడలా, ఎద్దుకు జొన్నసొప్ప ఏసినావా?"

"యాడి ఎద్దు అత్తా? గుడ్డ మడత పెడతాండాను."

"ఎంత గంజి పట్టించినావే! వాకిట్లో మడత పెడితే వంటింట్లో చెవులు గీరుకుంటాండాయి."

గుడ్డ కొసలు చేతిలోకి తీసుకున్నాను. ఒకసారి విదిలించాను. గరగర. ఎద్దు ఎండు సొప్ప నమిలినట్టే. ఎనిమిది గజాలు ఊపితే ఎన్ని ఎద్దులో మీరే లెక్క వేసుకోండి. దానికి తోడు వేదిక ముందు పెట్టిన నాలుగు గ్యాసులైట్ల బుస. ఆ పిల్ల గొంతును మింగింది నా గంజి.

తెల్లారి పోయి చెప్పాలి. చెప్పలేదు. మొగుడు పోయినదానికి పని ఇస్తే ఇట్లాగే ఉంటుందంటారు, మళ్లీ ఏ బడీ గడప తొక్కనివ్వదు, ఇదే నా భయం. గుడ్డను నీళ్లలో ముంచి గంజి దించాను. గంజి పోయేసరికి అల చచ్చింది. తడి గోనెలా కూలబడింది. నది లేదు. రెండు రోజులు ఆ గుడ్డతో కుస్తీ పట్టాను. ఆ రెండు రోజులూ బడిలో ఆ పిల్ల గొంతు చించుకుంటూ ఉందని ఖాసీం కబురు పంపాడు. మిరియాల కషాయం తాగి అరుస్తోందట. అరిస్తే ఆ గొంతు చెడుతుంది.

ఆ రెండు రోజులు నా జీవితంలో నేను చేసిన చెడ్డ పని. గంజి పెట్టడం తెలియక చేసిన తప్పు. నోరు మూసుకోవడం తెలిసి చేసింది. రెండూ ఒకటి కాదు.

మూడో రోజు పొద్దున్నే బస్సెక్కాను. అయ్యవార్ల గదిలో అందరూ ఉన్నారు. గడపలోనే నిలబడి చెప్పాను.

"సామీ, ఆ పాప గొంతులో లోపం లేదు. నా గుడ్డలో ఉండాది. గంజి ఎక్కువ పెట్టినాను. అది గరగరమంటాది. తప్పు నాది."

నా గొంతు నెమ్మదిగా మాట్లాడడం ఎరగదు. తరగతుల్లో పిల్లలు కూడా తలలు బయటపెట్టారు.

హెడ్మాస్టరు కళ్లజోడు తీశాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"మొన్న."

"మొన్ననే ఎందుకు చెప్పలేదమ్మా?"

"పని పోతాదని."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు. "మరి ఇప్పుడు పోదా?"

"పోతే పోనీ సామీ. పాపను తీసేయొద్దు. నాకు నాలుగు దినాలు ఇస్తే సప్పుడు లేని నది తెస్తాను."

కృష్ణారావు సారు, ఎప్పుడూ గొంతెత్తని మనిషి, "నది లేకుంటే నాటకం లేదు సార్" అన్నాడు. హెడ్మాస్టరు ఒక మాట పెట్టాడు. నాలుగు రోజుల తర్వాత వెనక గోడకు వీపు ఆనించి నిలబడతాడు. ప్రతి మాటా అక్కడికి వినపడితే సరి. వినపడకపోతే ఆ పిల్ల, నేను, ఇద్దరం ఇంటికి.

పేక లేని పడుగు

సవాలు చేసి వచ్చాను గానీ చేతిలో ఏమీ లేదు. గంజి ఉంటే చప్పుడు, లేకపోతే నీళ్లు లేవు. ఇంట్లో మగ్గం పక్కన కూలబడ్డాను.

అక్కడ గోడకు మా ఆయన ఆఖరి పడుగు వేలాడుతోంది. నేత తెలియనివాళ్లకు చెబుతాను. పడుగు అంటే చీరకు నిలువునా పోయే దారాలు. వందల దారాలు ఒకదాని పక్కన ఒకటి, రెండు కర్రల మధ్య, చిక్కుపడకుండా. దానికి అడ్డంగా పోయే దారం పేక. రెండూ కలిస్తే గుడ్డ. ఆ పడుగు పోసింది నేనే, తెల్ల నూలుతో. గంజి పెట్టకముందే ఆయనకు జ్వరం వచ్చింది. అంతటితో ఆగిపోయింది.

కిటికీలోంచి ఎండ పడింది. దారాలన్నీ మెరిశాయి. గాలికి ఊగాయి. చప్పుడు లేదు.

లేచి, కర్ర తిప్పి, దారాలు అడ్డంగా సాగేట్టు పట్టుకుని చూశాను. నీటి మీద గీతలు ఎట్లా ఉంటాయో అట్లా ఉన్నాయి. అటుపక్క మా అత్త పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యి మంట లేచినప్పుడు దారాల వెనక ఆమె కనపడింది. మంట తగ్గి ఎండ ముందునుంచి పడినప్పుడు ఆమె మాయమై దారాలే మిగిలాయి. ఈ పనిలో నేను నేర్చుకున్న పెద్ద సంగతి అదే. ముందు దీపం పెడితే పడుగు గోడ. వెనక దీపం పెడితే పడుగు గాలి.

కానీ మా ఇళ్లలో ఒక కట్టుబాటు ఉంది. పేక పడని పడుగు గడప దాటకూడదు. దాటితే ఆ ఇంటి మగ్గం పడుకుంటుందంటారు. అందులోనూ ఇది పోయినవాడి పడుగు. దీన్నే నది చేస్తానని అత్తకు చెప్పాను. ఆమె పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది.

"మగ్గం ఇప్పటికే పండుకోనుండాది గదత్తా. ఇంగేం పండుకుంటాది?" అన్నాను.

"నోర్ముయ్. నాకు తెల్దా?" అంది. మళ్లీ కొంతసేపటికి, "అటు కొస ఎవురు పట్టుకుంటారు?"

"బడి పిల్లోళ్లు."

"పిల్లోళ్లా? పడుగు బిగి పిల్లోళ్లకు తెలుస్తాదా? చిక్కు ఏసి పెడతారు. నా కొడుకు పడుగు గడప దాటితే నేనూ దాటాల. అటు కొస నేను పట్టుకుంటా."

కళ్లు సరిగా కనపడని మనిషి. కానీ పడుగుకు కళ్లతో పని లేదు. అటు కొస వాళ్లు ఏం చేస్తున్నారో ఇటు కొస వాళ్ల చేతికి తెలుస్తుంది. పదేళ్లుగా మేమిద్దరం వీధిలో అట్లాగే సాగదీశాం. తిట్టుకున్న రోజుల్లో కూడా.

ఖాసీం డబ్బాలు

నది నోరు మూసింది. ఇంకా గ్యాసులైట్ల బుస ఉంది. ఖాసీంను తగులుకున్నాను.

"లైట్లు హాలు బయట పెట్టు."

"బయట పెడితే వెలుగు బయట్నే ఉంటాది అక్కా. లోపలికి బస్సెక్కి వస్తాదా?"

"రేకు పెట్టి తోలు."

గొణిగాడు గానీ చేశాడు. కిరసనాయిలు డబ్బాలు కోసి, సాపుగా కొట్టి, వేదికకు ముందు వైపూ వెనక వైపూ ఉన్న కిటికీల బయట అరుగుల మీద నిలబెట్టి వెలుగును లోపలికి తోలాడు. బుస బయటే ఉండిపోయింది. గ్యాసులైటును తగ్గించడం, పెంచడం కుదరదు. అందుకని ప్రతి లైటుకూ అడుగు లేని డబ్బా ఒకటి తాడుకు కట్టి, వెలుగు వద్దనుకున్నప్పుడు దాని మీదికి దించేట్టు చేశాడు. ఆ ఆలోచన ఖాసీందే. నాదని చెప్పుకోను. సామాను పనిలో ఎవరి ఆలోచన ఎవరిదో గుర్తు పెట్టుకోండి.

కృష్ణారావు సారు తెల్ల నూలు చూసి దిగులుపడ్డాడు. "నది తెల్లగా ఉంటుందా తల్లీ?"

"దీపం పడినాక నీళ్లకు రంగేముంది సార్?"

నాలుగో రోజు హెడ్మాస్టరు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేనూ మా అత్తా చెరోపక్క తెర చాటున కర్రలు పట్టుకున్నాం. సువార్తమ్మ గొంతు మిరియాల కషాయంతో కాస్త బొంగురుపోయి ఉంది. నేను సైగ చేశాను, అరవొద్దని. మెట్ల మీద పాడినట్టే పాడింది. పాట మధ్యలో ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా హాలంతా వినపడింది. ఆయన "ఊఁ" అని వెళ్లిపోయాడు. అంతే. బాగుందని కొందరి నోట ఎప్పటికీ రాదు. ఆ "ఊఁ"తో బతకడం నేర్చుకోవాలి.

నాటకం రోజు

దీపాలు పెట్టే వేళకు హాలు నిండింది. మిల్లు నుంచి సువార్తమ్మ అమ్మానాన్నలు వచ్చారు. తలల్లో దూది పీచు ఇంకా అట్లాగే ఉంది. వెనక గోడ దగ్గర నిలబడ్డారు.

కరువు పాటలన్నీ అయ్యాక మేం పడుగు విప్పాం. ముందు వైపు దీపం పడింది. దారాలు వేదిక ఈ చివరి నుంచి ఆ చివరికి తెల్లగా పరుచుకున్నాయి. కర్రను కొంచెం వంచాను. అటునుంచి అత్త దాన్ని అందుకుని వంచింది. నీళ్లు కదిలాయి. జనంలో చాలామందికి ఏరంటే ఇసుకే. ముందు వరసలో ఒకాయన కాళ్లు పైకి తీసుకున్నాడు, తడుస్తాయన్నట్టు.

ఖాసీం ముందు వైపు లైటు మీదికి డబ్బా దించాడు. వెనక లైటు తెరిచాడు. దారాలు మాయమై, నది లోపల ఆ పిల్ల నిలబడి ఉంది. పాడింది. దగ్గినవాడు లేడు. వెనక గోడ దగ్గర వాళ్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, తన ఏడుపు పాటకు అడ్డమొస్తుందని.

పాట అయ్యాక హెడ్మాస్టరు వేదిక ఎక్కాడు. పిల్లలను మెచ్చుకున్నాడు. పాటల అయ్యవారిని మెచ్చుకున్నాడు. "ఇంత చక్కటి నదిని కట్టిన కీర్తిశేషులు పుల్లన్న గారి పనితనం..." అని మొదలుపెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు.

నా చేతిలో కర్ర ఉంది. వదిలితే పడుగు చిక్కుపడుతుంది, ముందుకు రాలేను. మా ఆయన మీద నాకు కోపం లేదు. బతికుంటే ఆ మాట ఆయనే కాదనేవాడు. తప్పు నాదని చెప్పిన రోజు బడంతా వినపడిన గొంతు ఇది. పని నాదని చెప్పాల్సిన రోజు ఎందుకు వినపడకూడదు? తెర చాటునుంచే అరిచాను.

"ఆయన కాదు సామీ! ఈ నది కట్టింది నేను! ఈ కొస నా సేతిలో ఉండాది, వచ్చి సూసుకోండి!"

వెంటనే అటుపక్క తెర చాటునుంచి మా అత్త గొంతు లేచింది.

"అటు కొస నాది!"

జనం విరగబడి నవ్వారు. కిటికీ బయట ఖాసీం ఈల వేశాడు. హెడ్మాస్టరు నా వైపు తిరిగాడు. నెల రోజులుగా ఆ బడికి వస్తూ పోతూ ఉన్నాను. ఆయన నోట నేను పుల్లన్న పెండ్లాన్ని, లేదంటే ఉత్త "ఏమమ్మా". దారాల్లోంచి నన్ను కాసేపు చూశాడు.

"నీ పేరేందమ్మా?" అన్నాడు.

"ఈరమ్మ" అన్నాను. వెనక గోడ దాకా వినపడేట్టు అన్నాను.